ఎవరు పట్టుకున్నారో చూడాలి: రొయ్యల చెరువు గట్టున ఒక మెమరీ లీక్ కేసు

తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలకి ఫోన్ మోగింది. చేసింది బాబాయ్ గారు. కాళ్ల మండలంలో ఆయనకి మూడు వనామి రొయ్యల చెరువులు ఉన్నాయి, మూడింటికీ కలిపి నేను బిగించిన ఆక్సిజన్ పెట్టె ఒకటి ఉంది. "బాబూ, నీ పెట్టె రాత్రి పలకలేదు. రొయ్య గట్టు వారకి వచ్చేసింది. కాపలా కుర్రాడు లేచి చూసి ఏరియేటర్లు వేశాడు కాబట్టి సరిపోయింది" అన్నారు. ఆయన కోప్పడలేదు, నాకు అదే ఇంకా కష్టంగా అనిపించింది. భీమవరం నుంచి బండి మీద వెళ్లేసరికి తెల్లారింది.

చెరువులు తెలియని వాళ్ల కోసం ఒక మాట. పగలు నీళ్లలోని ప్లాంక్టన్ ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రయ్యాక అదే ప్లాంక్టన్ రొయ్యతో పాటు ఆ ఆక్సిజన్‌నే పీల్చుకుంటుంది, అందుకే తెల్లవారే ముందు గంటలే ప్రాణం మీదకి తెస్తాయి. లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే మా ప్రోగ్రామ్ ఫోన్‌కి కాల్ చేయాలి. రైతు దానికి డబ్బు ఇచ్చేదే ఆ ఒక్క పని కోసం. సరిగ్గా ఆ టైములోనే అది చేయలేదు.

పెట్టెలో ఉన్నది రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్, దానికి 1 జీబీ మెమరీ. ఆపరేటింగ్ సిస్టమ్ 64 బిట్ల లైనక్స్, ప్రోగ్రామ్ రాసిన భాష పైథాన్ 3.9. ఈ పై కంప్యూటర్ ఉండేది షెడ్డులో, ఇన్వర్టర్ మీద. చెరువుల దగ్గరి సెన్సర్ డబ్బాలు మాత్రం కరెంటు లైను మీద. కరెంటు పోతే డబ్బాలు ఆగుతాయి, జనరేటర్ వేశాక మళ్లీ లేస్తాయి, పై కంప్యూటర్ వాటితో మళ్లీ కనెక్ట్ అవుతుంది. ఈ అమరిక గుర్తుపెట్టుకోండి, కేసంతా దీని చుట్టూనే తిరిగింది.

లాగ్ తెరిస్తే 2 గంటల 50 నిమిషాల నుంచి 3 గంటల 35 నిమిషాల వరకు ఒక్క రీడింగ్ కూడా లేదు. లైనక్స్ మూలభాగమైన కెర్నల్ లాగ్‌లో 'అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్' అన్న లైను, పక్కన మా ప్రోగ్రామ్ నంబరు. జరిగింది ఏమిటంటే, మెమరీ నిండిపోయాక లైనక్స్ వెంటనే ఎవరినీ చంపదు, ముందు ఎస్‌డీ కార్డు మీద ఉన్న స్వాప్‌లోకి, అంటే మెమరీ చాలనప్పుడు వాడుకునే చోటులోకి, మెమరీ ముక్కల్ని (పేజీల్ని) తోస్తుంది, మళ్లీ తెచ్చుకుంటుంది, మళ్లీ తోస్తుంది. ఎస్‌డీ కార్డు వేగం మీకు తెలుసు కదా. మెషిన్ ఆన్‌లోనే ఉంటుంది, పని మాత్రం ఏదీ ముందుకి కదలదు. 45 నిమిషాలు అలా కొట్టుకున్నాక కెర్నల్ మా ప్రోగ్రామ్‌ని తీసేసింది, ప్రోగ్రాముల్ని లేపి కనిపెట్టుకుని ఉండే సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ లేపింది, లేచిన ప్రోగ్రామ్ శుభ్రంగా పని చేయడం మొదలుపెట్టింది. అంటే ఉదయం నేను వెళ్లేసరికి అంతా బాగానే ఉంది. అక్కర్లేని మెమరీని ప్రోగ్రామ్ వదలకుండా పోగేసుకుంటూ పోవడాన్నే మెమరీ లీక్ అంటారు, ఇలాంటి తప్పుల్ని పట్టుకోవడం ఇందుకే కష్టం, రీస్టార్ట్ అయితే సాక్ష్యం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

పైథాన్‌లో మెమరీ గురించి మనం ఆలోచించక్కర్లేదు, అదే చూసుకుంటుంది అని కాలేజీలో చెబుతారు, ఇంటర్వ్యూల్లో మనమూ అదే చెబుతాం. నేను ఏడేళ్లు అదే నమ్మకంతో పని చేశాను. అది అబద్ధం కాదు, కానీ సగమే నిజం, రెండో సగం చెరువు గట్టు మీద తెలిసింది.

ముందు కొలత. నిమిషానికోసారి ప్రోగ్రామ్ వాస్తవంగా ఆక్రమించిన మెమరీని, అంటే లైనక్స్ ఆర్‌ఎస్‌ఎస్ అని చూపించే అంకెని, ఒక ఫైల్లో రాసుకునే చిన్న స్క్రిప్ట్ పెట్టి వచ్చాను. నాలుగు రోజుల తర్వాత గ్రాఫ్ గీస్తే అది వాలుగా పెరగలేదు, మెట్లు మెట్లుగా పెరిగింది. గంటల తరబడి చదునుగా ఉంటుంది, ఉన్నట్టుండి పదకొండో పన్నెండో ఎంబీ పైకి ఎగురుతుంది, మళ్లీ చదును. ప్రతి రీడింగ్‌కీ కొంచెం కొంచెం లీక్ అవుతుంటే వాలు కనిపించాలి. మెట్టు కనిపించిందంటే ఎప్పుడో ఒకసారి జరిగే పనేదో కారణం అయి ఉండాలి. కాపలా కుర్రాడికి ఫోన్ చేసి జనరేటర్ ఎప్పుడెప్పుడు వేశావు తమ్ముడూ అని అడిగాను. డీజిల్ లెక్క కోసం వాడు పుస్తకంలో టైములు రాస్తాడు. మెట్లు, జనరేటర్ టైములు అచ్చంగా కలిశాయి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఒక మెట్టు.

దీనికి ముందే ఇంకో ఆనవాలు నా కళ్ల ముందే ఉంది, నేను చూడలేదు. ఆ రాత్రికి ముందు సాయంత్రం బాబాయ్ గారు ఫోన్ యాప్‌లో లిమిట్‌ని 4 నుంచి 4.5కి మార్చారు. ప్రోగ్రామ్ లోపల ఒక్కో చెరువుకి ఒక ఆబ్జెక్ట్, అంటే ఆ చెరువు డేటానీ పనుల్నీ కలిపి ఉంచుకునే మూట, ఉంటుంది; కనెక్షన్ పోయి వచ్చినప్పుడల్లా కొత్తవి పుడతాయి, పాతవి పోవాలి. లిమిట్ మారితే మూడు చెరువుల ఆబ్జెక్టులకీ కబురు అందాలి, అందిన ప్రతి ఆబ్జెక్ట్ 'కొత్త లిమిట్ 4.5' అని లాగ్‌లో ఒక లైను రాస్తుంది. మూడు చెరువులు కాబట్టి మూడు లైన్లు ఉండాలి. లెక్కపెట్టాను, 171 ఉన్నాయి. అన్నీ ఒకే సెకనులో. 171 అంటే 57 మూళ్లు. చివరి రీస్టార్ట్ నుంచి ఆ సాయంత్రానికి తొమ్మిది రోజులు, సగటున రోజుకి ఆరేడుసార్లు కనెక్షన్ పోయి వచ్చింది అనుకుంటే లెక్క సరిపోయింది. చచ్చిపోయాయి అనుకున్న 168 ఆబ్జెక్టులు బతికే ఉన్నాయి, పిలిస్తే పలుకుతున్నాయి కూడా.

ఒక్కో ఆబ్జెక్ట్ అంత బరువు ఎందుకు? రైతు ఫోన్ తెరవగానే 24 గంటల గ్రాఫ్ కనిపించాలని, కనెక్షన్ దొరికిన వెంటనే డేటాబేస్ నుంచి గత రోజు రీడింగులన్నీ తెచ్చి లిస్టులో పెట్టుకునేలా రాశాను. పది సెకన్లకి ఒకటి చొప్పున రోజుకి 8,640. ఒక్కో రీడింగ్ ఒక డిక్షనరీ, అంటే పేరు (కీ), విలువ జతల పట్టిక: చెరువు నంబరు, టైము, ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్. పైథాన్ 3.9లో ఐదు కీల డిక్షనరీ 232 బైట్లు. దశాంశ సంఖ్య ఒక్కోటి 24, అవి మూడు, అంటే 72. టైముని 19 అక్షరాల స్ట్రింగ్‌గా పెట్టాను, దానికి 68. ఇక్కడికి 372. దీనికి 16 బైట్ల చొప్పున సర్దేటప్పుడు పోయే వృథా కలిపితే 400 దాటుతుంది. 8,640తో గుణిస్తే ఒక చెరువుకి మూడున్నర నుంచి నాలుగు ఎంబీ, మూడు చెరువులకి పదకొండు పైన. అదే మన మెట్టు! 57 మెట్లకి 600 ఎంబీ దాటుతుంది, 1 జీబీ పెట్టెలో ఇంకేం మిగులుతుంది.

ఇక్కడ పైథాన్ ఏం చేస్తుందో కాస్త వివరంగా చెప్పాలి. మనందరం మామూలుగా వాడే పైథాన్ రూపం సీపైథాన్‌లో ప్రతి ఆబ్జెక్ట్‌లోనూ ఒక లెక్క ఉంటుంది, నన్ను ఎంతమంది పట్టుకున్నారు అని. ఒక పేరు దాన్ని సూచిస్తే ఒకటి పెరుగుతుంది, లిస్టులో వేస్తే ఇంకొకటి, ఫంక్షన్‌కి పంపితే ఆ పని అయ్యేదాకా ఇంకొకటి. ఒక్కొక్కరూ వదిలే కొద్దీ తగ్గుతుంది, సున్నాకి చేరగానే అప్పటికప్పుడు ఆ ఆబ్జెక్ట్ పోతుంది. 1960లో జార్జ్ కాలిన్స్ ప్రచురించిన పద్ధతి ఇది, రిఫరెన్స్ కౌంటింగ్. అదే ఏడాది జాన్ మెకార్తీ లిస్ప్ గురించి రాసిన పేపర్లో రెండో దారి చెప్పారు: లెక్కలు పెట్టుకోకుండా, ప్రోగ్రామ్ చేతికి అందే వాటన్నిటినీ వేర్ల దగ్గర్నుంచి నడుచుకుంటూ గుర్తు పెట్టడం, గుర్తు పడనివన్నీ తీసేయడం. జావా, గో లాంటివి ఈ రెండో దారిలో వచ్చినవి. పైథాన్ ప్రధానంగా మొదటి దారి, 2000లో వచ్చిన 2.0 నుంచి దానికి తోడుగా, ఒకదాన్నొకటి పట్టుకుని లెక్క సున్నాకి రాని వలయాల్ని పట్టే గార్బేజ్ కలెక్టర్ (జీసీ) కూడా ఉంది.

దారి ఏదైనా భాష అడిగే ప్రశ్న ఒకటే, ఇది ఇంకా ఎవరికైనా అందుతుందా? ఇది ఇంకా అవసరమా అని ఏ భాషా అడగదు, అడగలేదు కూడా, ఎందుకంటే అవసరం అన్నది మన మనసులో ఉండే సంగతి. అందనిది, అక్కర్లేనిది ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే నేను దెబ్బతిన్నాను. పాత చెరువు ఆబ్జెక్టులు నాకు అక్కర్లేదు, కానీ ప్రోగ్రామ్‌కి అవి అందుతూనే ఉన్నాయి. ఇక్కడ చెరువుల లీజు తెలిసిన వాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. భూమి మీద నలుగురి కాగితాలు ఉంటే, ముగ్గురు వదిలేసినా నాలుగోవాడు కాగితం బీరువాలో పెట్టి మర్చిపోయినా సరే, భూమి చేతికి రాదు. వాడు సాగు చేస్తున్నాడా లేదా అన్నది అనవసరం, కాగితం ఉంది.

హైదరాబాద్‌లో ఉండే స్నేహితుడు ఒకడు, నిమిషానికోసారి ఆ కలెక్టర్‌ని నడిపే జీసీ.కలెక్ట్ పిలువు రా, అయిపోతుంది అన్నాడు. పిలిచాను, ఒక్క ఎంబీ తగ్గలేదు. తగ్గదు కూడా, కలెక్టర్ తీసేది అందని వాటినే. ఇంకో సలహా డెల్ వాడమని. డెల్ వస్తువుని చెరపదు, ఆ వస్తువుకి మనం పెట్టుకున్న పేరుని తీస్తుంది, లెక్కలో ఒకటి తగ్గుతుంది, అంతే. ఇంకొకళ్లు పట్టుకుని ఉంటే అది ఎక్కడికీ పోదు.

తర్వాత ఏ లైను ఎంత మెమరీ తెచ్చుకుందో చూపించే ట్రేస్‌మాలోక్ పెట్టాను. పైథాన్‌తో పాటే వస్తుంది, 3.4 నుంచి ఉంది. ఒక స్నాప్‌షాట్ తీసి, నేనే సెన్సర్ డబ్బాల ప్లగ్గులు ఐదుసార్లు పీకి పెట్టి, ఇంకో స్నాప్‌షాట్ తీసి రెండిటికీ తేడా చూశాను. మొదటి లైనులోనే జవాబు వచ్చినట్టు అనిపించింది, పెరిగిన మెమరీ అంతా డేటాబేస్ నుంచి రీడింగులు తెచ్చే లైను మీద చూపించింది. ఒక పూటంతా ఆ ఫంక్షన్‌ని తిరగేశాను, కర్సర్ మూశానా లేదా, క్వెరీ తప్పా అని. అందులో ఏ తప్పూ లేదు. ఈ పనిముట్టు గురించి ఎవరూ గట్టిగా చెప్పని మాట నేను చెబుతాను: అది ఆబ్జెక్ట్ ఎక్కడ పుట్టిందో చెబుతుంది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో చెప్పదు. లీక్‌లో మనకి కావలసింది రెండోది.

దానికి జీసీ మాడ్యూల్‌లోనే గెట్_రిఫరర్స్ ఉంది, ఒక ఆబ్జెక్ట్‌ని ఎవరు పట్టుకున్నారో అది చెబుతుంది. బతికున్న ఆబ్జెక్టుల్లోంచి చెరువులవి ఏరాను. పదిహేను ఎక్కువ వచ్చాయి, ఐదుసార్లు మూడేసి. పాతదాన్ని ఒకదాన్ని తీసుకుని నిన్ను పట్టుకున్నది ఎవరు అని అడిగాను. ఒక బౌండ్ మెథడ్, అంటే ఒక ఆబ్జెక్ట్‌కి కట్టి ఉన్న ఫంక్షన్, అంది. దాన్ని ఎవరు? ఒక లిస్టు. ఆ లిస్టుని ఎవరు? ఒక డిక్షనరీ. ఆ డిక్షనరీ ఎవరిది? సెట్టింగ్స్ ఆబ్జెక్ట్‌ది. అది ప్రోగ్రామ్ మొదలైనప్పుడు పుట్టి చివరిదాకా ఉండేది. నాలుగు ప్రశ్నలతో దొరికిపోయింది.

కోడ్‌లో అది ఒక్క లైను. చెరువు ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు సెట్టింగ్స్ దగ్గరికి వెళ్లి, లిమిట్ మారితే నా ఈ మెథడ్‌ని పిలువు అని తన పేరు లిస్టులో రాయించుకుంటుంది. కనెక్షన్ పోయినప్పుడు సాకెట్ మూశాను, టైమర్ ఆపాను, పేరు మాత్రం కొట్టించలేదు. మెథడ్‌ని లిస్టులో వేశాను కదా, ఆబ్జెక్ట్‌ని వేయలేదు కదా అనిపించవచ్చు. కానీ బౌండ్ మెథడ్ లోపల తన ఆబ్జెక్ట్‌ని పట్టుకునే ఉంటుంది, ఆ ఆబ్జెక్ట్ 8,640 రీడింగుల లిస్టుని పట్టుకుని ఉంటుంది. చిన్న చీటీ ఒకటి లాగితే వెనకాల వల మొత్తం వచ్చింది.

ఇది పైథాన్ లోపం కాదు. ఇదే కోడ్ జావాలో రాసినా ఇలాగే లీక్ అవుతుంది, జావాస్క్రిప్ట్‌లోనూ అంతే. సీలో అయితే మాలోక్‌తో తెచ్చుకున్నదాన్ని ఫ్రీతో మనమే వదలాలి కాబట్టి, మర్చిపోవడానికి చోట్లు ఇంకా ఎక్కువ. రస్ట్ ఓనర్ ఎవరో కంపైల్ అప్పుడే తేలుస్తుంది, చాలా మంచిది, అయినా ఎప్పటికీ బతికే లిస్టులోకి మనమే తోస్తూ పోతే అదీ ఏమీ అనదు.

దిద్దుబాటుకి మొదట వీక్‌రెఫ్ పట్టుకున్నాను. వీక్ రిఫరెన్స్ అంటే లెక్కలో చేరకుండా చూపు మాత్రం ఉంచుకోవడం, అసలు హక్కుదారులు వదిలేస్తే ఆబ్జెక్ట్ పోతుంది, మన చూపు ఖాళీ అవుతుంది. లిస్టు తీసేసి, ఇలాంటి వీక్ రిఫరెన్సులే ఉంచుకునే వీక్‌సెట్ పెట్టి, అందులో మెథడ్‌లు వేశాను. మెమరీ చక్కగా తగ్గింది. లిమిట్ మార్చి చూస్తే లాగ్‌లో ఒక్క లైను కూడా రాలేదు! బతికున్న చెరువులకి కూడా కబురు అందలేదు. కారణం, పైథాన్‌లో చెరువు డాట్ మెథడ్ అని రాసిన ప్రతిసారీ కొత్త బౌండ్ మెథడ్ ఆబ్జెక్ట్ పుడుతుంది, దాన్ని వీక్‌సెట్ తప్ప ఎవరూ పట్టుకోరు కాబట్టి పుట్టిన మరుక్షణమే పోతుంది. దీని కోసమే వీక్‌మెథడ్ అని వేరే ఉంది. అది గమనించకుండా చెరువుకి పంపి ఉంటే మెమరీ గ్రాఫ్ అందంగా ఉండేది, అలారం మాత్రం పాత లిమిట్ దగ్గరే ఉండిపోయేది. చివరికి కనెక్షన్ మూసే ఫంక్షన్‌లో పేరు కొట్టించే లైను రాసి, దాన్ని ఏ ఎర్రర్ వచ్చినా తప్పక నడిచే ఫైనల్లీ బ్లాకులో పెట్టాను, వీక్‌మెథడ్‌ని వెనక కాపుగా ఉంచాను. నా అభిప్రాయం అడిగితే, ఎప్పుడు వదలాలో మనకి తెలిసినప్పుడు ఆ వదలడం కోడ్‌లో కంటికి కనిపించాలి. వీక్‌రెఫ్ మీదే భారం వేస్తే, ఆరు నెలల తర్వాత ఆ కోడ్ చదివేవాడికి ఏది ఎప్పుడు పోతుందో అంతుపట్టదు.

ఇంతటితో అయిపోయింది అనుకుని మళ్లీ ప్లగ్గులు పీకాను. పాత ఆబ్జెక్టులు వెంటనే పోలేదు. ఒక్కోసారి గంట, ఒక్కోసారి మూడు గంటలు ఉండి అప్పుడు పోతున్నాయి. ఈసారి మాత్రం జీసీ.కలెక్ట్ పిలిస్తే వెంటనే పోయాయి. అంటే ఎవరికీ అందడం లేదు, కానీ లెక్క సున్నాకి రావడం లేదు. అది వలయం అన్నమాట, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మళ్లీ గెట్_రిఫరర్స్ అడిగితే ఒక ఫ్రేమ్, అంటే ఫంక్షన్ నడిచినప్పటి వివరాల మూట, వచ్చింది, ఫ్రేమ్‌ని పట్టుకున్నది ట్రేస్‌బ్యాక్, అంటే ఎర్రర్ ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో చెప్పే జాడ, ట్రేస్‌బ్యాక్‌ని పట్టుకున్నది ఒక ఎర్రర్ ఆబ్జెక్ట్, ఆ ఎర్రర్ ఆబ్జెక్ట్ ఉన్నది మా చెరువు ఆబ్జెక్ట్‌లోనే.

రైతు యాప్‌లో 'చివరి సమస్య' అని చూపించడానికి కనెక్షన్ తెగినప్పుడు వచ్చిన ఎర్రర్‌ని అలాగే దాచుకున్నాను. పైథాన్ 3లో ఎర్రర్ తన ట్రేస్‌బ్యాక్‌ని తనతోనే మోస్తుంది, ట్రేస్‌బ్యాక్ ఆ సమయంలో నడుస్తున్న ఫంక్షన్ల ఫ్రేముల్ని మోస్తుంది, ఫ్రేమ్‌లో అప్పటి లోకల్ వేరియబుల్స్ అన్నీ ఉంటాయి, అందులో సెల్ఫ్, అంటే ఆ చెరువు ఆబ్జెక్ట్, కూడా. తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చింది. ఎర్రర్‌ని పట్టే ఎక్సెప్ట్ బ్లాకు దాటగానే అక్కడ పెట్టిన ఎర్రర్ పేరుని పైథాన్ తనంతట తనే తీసేసేది ఈ బాధ వల్లే, నేను దాన్ని సెల్ఫ్‌లో దాచి ఆ జాగ్రత్తని చెడగొట్టాను.

మరి వలయాల్ని పట్టే కలెక్టర్ ఉంది కదా, గంటలు ఎందుకు పట్టింది? అది నిరంతరం తిరగదు. 3.9లో ఆబ్జెక్టుల్ని వయసుని బట్టి పెట్టే మూడు తరాలు ఉంటాయి, హద్దులు 700, 10, 10. కొత్తగా పుట్టిన, వేరేవాటిని పట్టుకోగల కంటైనర్ ఆబ్జెక్టులు పోయిన వాటి కంటే 700 ఎక్కువైతే చిన్న తరాన్ని చూస్తుంది, అలా పదిసార్లు దాటాక మధ్య తరాన్ని, అదీ పదిసార్లు దాటాక పాత తరాన్ని. పాతదానికి ఇంకో షరతు కూడా ఉంది, గత పూర్తి తనిఖీ తర్వాత కొత్తగా పైకి చేరినవి అప్పటికే ఉన్నవాటిలో పాతిక శాతం దాటాలి. గ్రాఫు లైబ్రరీలు ఇంపోర్ట్ చేసుకున్న ప్రోగ్రామ్‌లో పాత తరంలో ఎప్పుడూ పెద్ద గుంపే ఉంటుంది, మా చచ్చిన చెరువులు అందులో గుప్పెడు. పైగా కలెక్టర్ లెక్కపెట్టేది ఆబ్జెక్టుల్ని, బైట్లని కాదు. నాలుగు ఎంబీ మోస్తున్న ఆబ్జెక్ట్ అయినా, ఖాళీ లిస్టు అయినా దానికి ఒకటే. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఎర్రర్ బదులు దాని సందేశాన్ని స్ట్రింగ్‌గా దాచుకున్నాను, వలయం తెగింది, కనెక్షన్ మూసిన క్షణంలోనే లెక్క సున్నా అవుతోంది.

మూడో చిక్కు ఉదయం రిపోర్టుది. రోజూ 6 గంటలకి మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే గ్రాఫు లైబ్రరీతో గ్రాఫులు గీసి పీడీఎఫ్ చేసి రైతుకి వాట్సాప్‌లో పంపుతాం. 70 ఎంబీ దగ్గర ఉండే ప్రోగ్రామ్ అప్పుడు 240కి వెళ్తుంది, పని అయ్యాక 190 దగ్గర కూర్చుంటుంది, మళ్లీ దిగదు. ఇందులో కొంత నా తప్పే, ఆ లైబ్రరీలోని పైప్లాట్ తను తెరిచిన ప్రతి బొమ్మనీ క్లోజ్ అని చెప్పేదాకా తన దగ్గరే పట్టుకుంటుంది, నేను చెప్పలేదు. చెప్పాక కూడా 150 దగ్గర ఆగింది. ట్రేస్‌మాలోక్ మాత్రం 45 అంటోంది. మిగతాది ఎక్కడ ఉంది?

వదలడంలో రెండు గడపలు ఉన్నాయి. ఆబ్జెక్ట్ పోగానే ఆ చోటు పైథాన్ సొంత గిడ్డంగికి తిరిగి వస్తుంది, లైనక్స్‌కి కాదు. 512 బైట్ల లోపు వాటి కోసం పైథాన్ 3.9 ఒక్కోసారి 256 కేబీ ముక్కని తెచ్చుకుంటుంది, దాన్ని అరీనా అంటారు, అందులో 4 కేబీ చొప్పున 64 గదులు. అరీనా మొత్తం ఖాళీ అయితేనే లైనక్స్‌కి తిరిగి ఇస్తుంది. ఒక్క చిన్న స్ట్రింగ్ బతికి ఉన్నా 256 కేబీ ఆగిపోతుంది. చెరువు పట్టుబడి అయిపోయినా ఒక మూల హాపా వలలో కాస్త పిల్లని ఉంచితే చెరువుని ఎండగట్టలేం కదా, అచ్చం అంతే. 512 దాటినవి లైనక్స్ నుంచి మెమరీ తెచ్చి పంచే సీ లైబ్రరీ మాలోక్‌కి వెళ్తాయి, అది పెద్ద ముక్కల్ని విడిగా తెచ్చి విడిగా ఇచ్చేస్తుంది, కానీ ఆ 'పెద్ద' అన్న గీత 128 కేబీ దగ్గర మొదలై వాడకాన్ని బట్టి 32 ఎంబీ దాకా జరుగుతుంది. మిగతావి హీప్ అనే ఉమ్మడి మెమరీ స్థలంలో ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, మధ్యలో ఎన్ని ఖాళీలున్నా సాధారణంగా చివరి కొస ఖాళీ అయితేనే అది కుంచించుకుంటుంది. గ్రాఫు లైబ్రరీ లోపలి సీ++ భాగం నేరుగా తెచ్చుకున్నవి ట్రేస్‌మాలోక్‌కి అసలు కనపడవు.

ఇలా ఆగిన మెమరీని లీక్ అనకూడదు, రేపటి రిపోర్టు మళ్లీ ఆ చోటునే వాడుకుంటుంది, అది రోజురోజుకీ పెరగదు. 16 జీబీ సర్వర్‌లో అయితే నేను దాని జోలికి కూడా వెళ్లను. కానీ 1 జీబీ పెట్టెలో రోజుకి ఒక నిమిషం పని కోసం 80 ఎంబీని 24 గంటలూ కట్టిపడేయడం నాకు నచ్చలేదు. ఖాళీ మెమరీని లైనక్స్‌కి తిరిగి ఇమ్మని చెప్పే మాలోక్_ట్రిమ్‌ని పిలిచి చూశాను, కొంత దిగింది, రోజుకో రకంగా దిగింది. అప్పుడు రిపోర్టుని మొత్తం వేరే ప్రాసెస్‌గా విడదీశాను. 6 గంటలకి పుడుతుంది, గీస్తుంది, పంపుతుంది, పోతుంది. ప్రాసెస్ పోతే అరీనాలు, హీప్, గదులు ఏమీ మిగలవు, లైనక్స్ మొత్తం ఊడ్చి తీసుకుంటుంది. మా డెల్టాలో నీరు పెట్టడం ఎప్పుడూ తేలికే, ధవళేశ్వరం నుంచి కాలువ వచ్చేస్తుంది, పెట్టిన నీరు బయటికి పోవాలంటేనే డ్రెయిన్లు, పూడికలు, గుర్రపుడెక్క, ఇన్ని తిప్పలు. అందుకే పొలం కొనే ముందు మురుగు ఎటు పోతుందో చూస్తారు. పెద్ద మెమరీ తినే పని రాసేముందు నేను ఇప్పుడు అదే చూస్తున్నాను, ఇది పూర్తయ్యాక ఎటు పోతుంది అని.

ఇవన్నీ సర్దుతూ రీడింగుల లిస్టుని కూడా మార్చాను. డిక్షనరీలు తీసేసి, సంఖ్యల్ని వరుసగా పేర్చి ఉంచే అర్రే మాడ్యూల్‌తో టైము, ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్ నాలుగూ 8 బైట్ల సంఖ్యలుగా పెట్టాను. రీడింగ్‌కి 32 బైట్లు, రోజుకి 276 కేబీ. ముందు నాలుగు ఎంబీ దగ్గర ఉండేది. ఈ ఒక్క మార్పు ముందే చేసి ఉంటే లీక్ ఉన్నా కూడా పెట్టె నెలల తరబడి నడిచేది, నాకు ఆ లీక్ ఉన్నట్టే తెలిసేది కాదు. అందుకే దీన్ని చివర చేసినందుకు సంతోషిస్తున్నాను, ముందు లీక్‌ని చంపాలి, తర్వాతే పొదుపు.

ఇంకొకటి, మెమరీకి సంబంధం లేనిదే కానీ చెప్పకుండా ఉండలేను. అలారం ఇచ్చే ముక్కని ఇప్పుడు గ్రాఫులు, యాప్, డేటాబేస్ నుంచి విడదీసి చిన్న ప్రాసెస్‌గా పెట్టాను, సిస్టమ్‌డీలో దానికి వాచ్‌డాగ్ ఉంది, 30 సెకన్లు పలకకపోతే చంపి మళ్లీ లేపుతుంది. మిగతా ప్రోగ్రామ్‌కి 300 ఎంబీ హద్దు పెట్టాను, దాటితే స్వాప్‌లో కొట్టుకోకుండా వెంటనే పోయి మళ్లీ లేస్తుంది. రొయ్యకి గ్రాఫు అక్కర్లేదు.

కొత్తది పెట్టి ఏడు వారాలైంది. ఆర్‌ఎస్‌ఎస్ 58 నుంచి 64 ఎంబీ మధ్యలో ఉంటోంది, కరెంటు ఎన్నిసార్లు పోయినా మెట్లు లేవు. మొన్న వాన ముసురు తగ్గాక బాబాయ్ గారు లిమిట్‌ని మళ్లీ 4కి దించారు, లాగ్‌లో మూడు లైన్లు పడ్డాయి. మొగల్తూరు వైపు ఇంకో రైతు దగ్గర ఇదే ప్రోగ్రామ్ నడుస్తోంది, అక్కడ సెన్సర్ రకం వేరు, గ్రాఫులో వారానికి రెండు ఎంబీ చొప్పున వాలు కనిపిస్తోంది. ఈసారి మెట్టు కాదు, వాలు. అంటే ప్రతి రీడింగ్‌కీ ఏదో మిగులుతోంది. ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్తున్నాను.